పొగమంచులో పొగ ఎంత?

నాలుగేళ్ళ క్రితం ఆఫీసులో నాకొక చిన్న పని పడింది. మేం తయారుచేస్తున్న మొబైల్ యాప్‌లో వాతావరణం చూపించే గడి ఒకటుంది. దాన్ని తెలుగులోకి తేవాలి. టీమ్ మొత్తమ్మీద తెలుగు చదవడం, రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, అరవై చిల్లర మాటలున్న ఫైలు నా నెత్తిన పడింది. ఎడమ వైపు ఇంగ్లీషు మాట, కుడి వైపు ఖాళీ. మధ్యాహ్నం భోజనం లోపు అయిపోతుందిలే అనుకున్నాను.

సన్నీ, క్లౌడీ, రెయిన్ దాకా బండి బాగానే నడిచింది. మిస్ట్ దగ్గర 'మంచు' అని రాశాను. తర్వాతి వరసలో ఫాగ్. 'పొగమంచు'. దాని కింద హేజ్. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి 'పలుచని మంచు' అని రాశాను. ఆ తర్వాత ఫ్రాస్ట్ వచ్చింది, స్నో వచ్చింది, స్లీట్ వచ్చింది. సాయంత్రానికి కుడి వైపంతా మంచు కురిసి ఉంది. రెండ్రోజుల తర్వాత టెస్టింగ్ చేసే అమ్మాయి ఒక బగ్ రాసింది. ఆమెకి తెలుగు రాదు, అక్షరాల ఆకారాలు పోల్చి చూసిందంతే. "ఒకే మాట చాలా వరసల్లోకి పొరపాటున కాపీ అయినట్టుంది, సరిచూడగలరు."

పొరపాటున కాపీ అవలేదని ఆమెకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. మా భాషలో అంతే అని రాసి బగ్ మూసేశాను. అయితే ఆ మాట రాసినందుకు చాలా రోజులు సిగ్గుపడ్డాను. నిజంగా మా భాషలో అంతేనా? లేక నాకు వచ్చిన తెలుగు అంతేనా? ఇది యాప్‌తో పోయే గొడవ కాదనీ, ఇంగ్లీషు నవలల్ని తెలుగులో ఊహించుకుంటూ చదివే నాలాంటివాడు ప్రతి పేజీలోనూ ఎదుర్కొనే గొడవేననీ తర్వాత అర్థమైంది. ఈ వ్యాసం ఆ బగ్‌కి నేను ఆలస్యంగా రాస్తున్న జవాబు.

* * *

ముందు మాటల లెక్క చూద్దాం. మిస్ట్, ఫాగ్ రెండూ ఒకటే పదార్థం, గాలిలో వేలాడే సన్నని నీటి తుంపరలు. తేడా ఎంత దూరం కనపడుతుందన్నదే. వాతావరణ శాఖల లెక్కలో చూపు 1000 మీటర్ల కంటే తక్కువకి పడిపోతే ఫాగ్, అంతకు మించి కనపడుతుంటే మిస్ట్. హేజ్ వేరు. అందులో నీరు కాదు, పొడి రేణువులు ప్రధానం. దుమ్ము, పొగ, ఉప్పు. అందుకే మిస్ట్ తెల్లగా, తడిగా ఉంటుంది. హేజ్ ఎండలో కూడా ఉంటుంది, దూరపు కొండని నీలంగానో గోధుమరంగుగానో మారుస్తుంది. విమానాశ్రయాలు అరగంటకో గంటకో ఇచ్చే నివేదికల్లో వీటికి రెండేసి అక్షరాల గుర్తులున్నాయి. ఫాగ్‌కి ఎఫ్‌జీ, హేజ్‌కి హెచ్‌జెడ్. మిస్ట్‌కి మాత్రం బీఆర్, అది 'బ్రూమ్' అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. పైలట్ ఆ రెండక్షరాలు చూసి దిగాలా, చుట్టూ తిరగాలా అని ఆలోచిస్తాడు.

వానకీ ఇలాంటి లెక్కే ఉంది. డ్రిజిల్ అంటే తక్కువ వాన అనుకుంటాం. నిజానికి అది చినుకు సైజు పేరు. అర మిల్లీమీటరు కంటే చిన్న చినుకులు దగ్గరదగ్గరగా పడుతుంటే డ్రిజిల్. షవర్ అంటే జల్లు అనేస్తాం. జల్లు అనగానే మనకి తేలికైన వాన తోస్తుంది. ఇంగ్లీషు షవర్‌లో బరువు సంగతి లేదు, అది హఠాత్తుగా మొదలై హఠాత్తుగా ఆగే వాన. కుండపోతగా పడినా షవరే. ఇక స్లీట్ దగ్గర ఇంగ్లీషువాళ్ళకే పొంతన లేదు. బ్రిటన్‌లో అది వానా మంచూ కలిసి పడటం. అమెరికా వాతావరణ శాఖకి అది దారిలో గడ్డకట్టిన చినుకు, నేలమీద పడి ఎగిరే చిన్న ఐసు గింజ. అట్లాంటిక్‌కి ఆ ఒడ్డున ఒక నవలలో స్లీట్ పడితే, ఈ ఒడ్డున పాఠకుడు వేరే చప్పుడు వింటాడు.

కాబట్టి ఇంగ్లీషుకి బోలెడు మాటలు, మనకి ఒకటే అని నిట్టూర్చడం తొందరపాటు. ముసురుకి ఇంగ్లీషులో ఏది? డ్రిజిల్ కాదు. ముసురులో చినుకు సైజు లేదు, కాలం ఉంది. రెండు రోజులుగా వెలుగు లేకపోవడం, ఆరని బట్టలు, ఇంట్లోంచి కదలబుద్ధి కాకపోవడం, అన్నీ ఆ మూడక్షరాల్లో ఉన్నాయి. తొలకరికి ఒక్క మాటలో సమానార్థకం చెప్పమంటే ఇంగ్లీషు తడబడుతుంది. ఆ మాటలో వానతో పాటు విత్తనం కూడా ఉంది. తెలంగాణలో వడగళ్ళని రాళ్ళవాన అంటారు, నెత్తిమీద పడ్డవాడు పెట్టిన పేరది. స్థూలంగా చూస్తే ఇప్పటి ఇంగ్లీషు వాతావరణపు మాటలు కంటికి ఆనేదాన్నీ, కొలతకి లొంగేదాన్నీ పట్టుకుంటాయి. మన వాన మాటలు ఎంతసేపు, దేనికోసం, ఎవరిమీద అన్నదాన్ని పట్టుకుంటాయి.

మంచు దగ్గర మాత్రం మనం నిజంగానే బీదవాళ్ళం. కారణం ఊహించడం కష్టం కాదు, కృష్ణా గోదావరుల మధ్య స్నో పడదు. సంస్కృతం నుంచి తెచ్చుకుందామంటే అమరకోశం నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక అని వరసగా ఇచ్చి అన్నిటినీ పర్యాయపదాలు చేసేసింది. పద్యంలో గణానికి సరిపోయేది తీసుకోవచ్చు, అర్థానికి సరిపోయేది ఏరుకోలేం. ఇందులో ఒక చిన్న విచిత్రం ఏంటంటే, ఈ మిహిక, మన మేఘం, ఇంగ్లీషు మిస్ట్ మూడూ ఒకే ప్రాచీన ధాతువు నుంచి వచ్చాయని భాషాశాస్త్రం చెబుతుంది. అంటే నా ఫైల్లో ఎడమ గడిలోని మాటకి దూరపు చుట్టం కుడి గడి పక్కనే కూర్చుని ఉంది, నాకే తెలియదు.

* * *

ఆ చలికాలంలోనే డికెన్స్ 'బ్లీక్ హౌస్' మొదలుపెట్టాను. 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబర్ దాకా నెలనెలా భాగాలుగా వచ్చిన నవల. దాని మొదటి పేజీ గురించి వినని ఇంగ్లీషు సాహిత్య విద్యార్థి ఉండడు. లండన్, నవంబరు, బురద, పొగ గొట్టాల నుంచి దిగే మసి, ఆపైన ఫాగ్. ఒకే పేరాలో ఆ మాట పదిసార్లకు పైగా వస్తుంది. నదికి ఎగువన పచ్చిక మైదానాల మధ్య ఫాగ్, దిగువన ఓడల మధ్య మురికిలో దొర్లే ఫాగ్, ముసలివాళ్ళ గొంతుల్లో ఫాగ్. చివరికి ఆ ఫాగ్‌కి నడిబొడ్డున, ఏళ్ళ తరబడి తేలని వ్యాజ్యాల కోర్టులో, ఛాన్సలర్ కూర్చుని ఉంటాడు.

దీన్ని తెలుగు చేస్తే ఏమవుతుంది? ఫాగ్ ఉన్న ప్రతిచోటా పొగమంచు పెట్టి నా మటుకు నేను ఒక పేరా రాసుకుని చూశాను. నిఘంటువు ప్రకారం తప్పు లేదు. చదువుతుంటే మాత్రం ఎక్కడో హాయిగా ఉంది! సమస్య అదే. మంచు అనగానే మనకి ధనుర్మాసం, తెల్లవారుజామున ముగ్గులు, భోగి మంట, గడ్డి కొసన మెరిసే బొట్టు గుర్తొస్తాయి. సినిమా పాటలు దాన్ని ఇంకాస్త తియ్యగా చేసి పెట్టాయి. మా ఊరికి దగ్గర్లోని లంబసింగికి డిసెంబరులో కార్లు బారులు తీరేది ఆ మంచు కోసమే. మా స్నేహితుడొకడు పేపర్లో 'మంచు కురిసే ఊరు' అని చదివి, కాశ్మీరులా ఉంటుందనుకుని హైదరాబాద్ నుంచి పిల్లలతో సహా వచ్చాడు. దొరికింది ఫాగ్. అయినా వాడు బాధపడలేదు, ఫొటోలు దిగి సంతోషంగా వెళ్ళాడు. మనకి మంచు ఏ రూపంలో వచ్చినా సంబరమే. డికెన్స్ ఫాగ్ సంబరం కాదు, అది ఊపిరి తీసేది. నిఘంటువులో కుదిరిన మాట పేజీ మీద ఎదురు తిరగడమంటే ఇది.

రెండో చిక్కు మూడో అధ్యాయంలో ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చింది. ఎస్తర్ అనే అమ్మాయి లండన్‌కి కొత్తగా వస్తుంది. ఒంటిమీద సిరా ఒలకబోసుకున్న ఒక కుర్ర గుమాస్తా ఆమెని తీసుకెళ్ళడానికొస్తాడు. వీధుల నిండా చిక్కటి గోధుమరంగు పొగ చూసి, ఎక్కడైనా పెద్ద అగ్నిప్రమాదం జరిగిందా అని ఆమె అడుగుతుంది. అబ్బే, అది లండన్ ప్రత్యేకం అన్న అర్థంలో అతనేదో అంటాడు. ఆమెకి అర్థంకాదు. అప్పుడు విడమరుస్తాడు, అది ఫాగ్ అని.

నాలుగు వాక్యాల ఈ ముచ్చట చదివి నవ్వుకుని ముందుకెళ్ళిపోవచ్చు. అయితే నవల మొత్తం ఇక్కడ చిన్న రూపంలో ఉంది. బయటినుంచి వచ్చినామె ఉన్నది ఉన్నట్టు చూసింది. అది పొగే, బొగ్గు పొగే. ఊళ్ళో పుట్టినవాడు దానికి వాతావరణం పేరు పెట్టాడు. పొగ అంటే ఎవరో పెట్టిన మంట, ఎవరినో అడగొచ్చు. ఫాగ్ అంటే ఎవరి తప్పూ కాదు, దానంతటదే వచ్చింది. ఏళ్ళ తరబడి ఆస్తుల్ని కరిగించేసే జార్న్‌డైస్ దావా కూడా అంతే. అందులో ఉన్నవాళ్ళు దాన్ని రుతువులాగా భరిస్తారు. మనిషి చేసిన పనిని ప్రకృతి ఖాతాలో రాసేయడం డికెన్స్ కోపానికి మూలం. ఆ కోపమంతా పొగ, ఫాగ్ అనే రెండు మాటల మధ్య సందులో ఉంది.

తెలుగులో ఆ సందు లేదు. ఎస్తర్ పొగ చూసి అడిగితే, గుమాస్తా అది పొగమంచని చెబితే, ఆ పిల్లది సగం నిజమే అన్నట్టు అయిపోతుంది. మన మాటలోనే పొగ ఉంది కదా. మనం దానికి పొగమంచని పేరు పెట్టింది పొగలా కనిపిస్తుందని, పొగ ఉందని కాదు. ఇంగ్లీషువాళ్ళు మాత్రం సరిగ్గా ఇదే కూడికని పొగ ఉందనే చెప్పడానికి చేశారు. స్మోక్, ఫాగ్ కలిపి స్మాగ్. 1905లో డే వూ అనే వైద్యుడు, బొగ్గు పొగకి వ్యతిరేకంగా పనిచేసిన సంఘం తరఫున, దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అది వర్ణన కాదు, అభియోగం. 'బ్లీక్ హౌస్' మొదలైన సరిగ్గా వందేళ్ళకి, 1952 డిసెంబర్ 5 నుంచి 9 వరకు లండన్‌ని కమ్మిన స్మాగ్‌లో చనిపోయినవాళ్ళు 4 వేలమందని అప్పటి లెక్క, 12 వేలదాకా ఉండొచ్చని తర్వాతి పరిశోధకుల అంచనా. 1956లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం చేశారు. ఫాగ్‌ మీద చట్టం చేయలేరు, పొగ మీద చేయగలరు. పేరు మారడానికి చాలా కాలం పట్టింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. ప్రతి నవంబరులో ఢిల్లీ గురించి తెలుగు పేపర్లో 'పొగమంచు గుప్పిట్లో రాజధాని' లాంటి శీర్షిక చూస్తాం. లంబసింగికీ ఆ మాటే, ఢిల్లీకీ ఆ మాటే. ఒకచోట విహారం, ఇంకోచోట విషం. శీర్షిక రాసినవారిని తప్పుపట్టను, నేను రాసిన గడి ఇంకా అన్యాయం. కాకపోతే ఎస్తర్ అడిగిన ప్రశ్న మన పేపరు అడగలేకపోతోంది, ఎక్కడైనా ఏదైనా తగలబడుతోందా అని.

మరి ఆ ఘట్టాన్ని తెలుగు చేయలేమా? చాలా రోజులు చేయలేమనుకున్నాను. ఒకరోజు బస్సులో తట్టింది. మన మాట జంట మాట. విడదీయొచ్చు. ఎస్తర్ నోట 'పొగ', గుమాస్తా నోట 'మంచు'. అంతే, రెండూ కలిపిన మాటని అక్కడ ఎవరూ వాడకూడదు. అతను మంచు అన్నప్పుడు మన తియ్యటి మంచే గుర్తొస్తుంది, ఆ తీపి అతని అబద్ధంలో భాగమవుతుంది. నన్ను విసిగించిన ఆ హాయి ఇక్కడ పనికొచ్చింది. పొగనీ మంచునీ కలుపుకునే పని పాఠకుడిది. మొదటి పేజీలో మాత్రం ఇది చాలదు. అక్కడ ఎగువ నదికి మంచు, దిగువ నదికి పొగమంచు, గొంతుల్లోకి పొగ అని మాట మార్చుకుంటూ పోతే డికెన్స్ మోత పోతుంది. ఒకే మాట సుత్తిలా పడాలి. నేనైతే అక్కడ ఫాగ్ అనే ఉంచేస్తాను. రైళ్ళు ఆలస్యమైనప్పుడు మనం అనే మాటే అది.

* * *

డికెన్స్‌ది ఒక్క మాటని బాదే పద్ధతి అయితే, కాన్రాడ్‌ది మాటల్ని వేరువేరుగా వాడే పద్ధతి. అతను 1886లో మాస్టర్ సర్టిఫికెట్ పొందిన నావికుడు, ఇంగ్లీషు అతనికి మూడో భాష. ఫాగ్, మిస్ట్, హేజ్ అతనికి కవిత్వం కంటే ముందు ఓడ లాగ్‌బుక్‌లో రాయాల్సిన మాటలు. తప్పు రాస్తే ఓడ గుద్దుకుంటుంది.

1899లో పత్రికలో వచ్చిన 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' చూడండి. కథ థేమ్స్ ముఖద్వారంలో ఆగిన ఒక పడవమీద మొదలవుతుంది. ఒడ్డుల మీద హేజ్ ఉంది. అన్నీ కనపడుతున్నాయి, అంచులే కరిగిపోయాయి. మార్లో కథలు చెప్పే తీరు గురించి కథకుడు ఇచ్చే ప్రసిద్ధమైన పోలిక కూడా హేజ్‌తోనే. అర్థం గింజలా లోపల ఉండదనీ, వెలుగు పడ్డప్పుడు చుట్టూ కనిపించే హేజ్‌లా ఉంటుందనీ దాని సారం. ఇక్కడ హేజ్ దేన్నీ దాచడం లేదు. వెలుగు ఉంటేనే అది కనిపిస్తుంది. ఇక్కడ పొగమంచు అని పెట్టామా, అర్థాన్ని ఏదో కప్పేసిందని తెలుగు పాఠకుడు అనుకుంటాడు. కాన్రాడ్ చెప్పింది దానికి దాదాపు తలకిందులు.

ఫాగ్ తర్వాత వస్తుంది, ఆఫ్రికా నది మీద, కర్ట్జ్ ఉన్న చోటికి ఇంకొన్ని మైళ్ళుండగా. తెల్లవారేసరికి తెల్లటి, వెచ్చటి, జిగట ఫాగ్. రాత్రి కంటే గుడ్డిది. కాసేపు తెర లేచినట్టు లేచి మళ్ళీ పడిపోతుంది. ఆ తెలుపులోంచి ఒక పెద్ద కేక వినిపిస్తుంది. మనుషులు కనపడరు. థేమ్స్ మీద చూపు ఉండి స్పష్టత లేదు. ఇక్కడ చూపే లేదు, చెవి ఒక్కటే మిగిలింది. రెండు వాతావరణాలు, రెండు రకాల తెలియకపోవడాలు. తెలుగులో రెండింటికీ ఒకే మాట పడితే ఆ ప్రయాణంలో సగం దూరం తగ్గిపోతుంది.

హేజ్‌కి నాకు దొరికిన మంచి మాట మసక. నిఘంటువులో హేజ్ ఎదురుగా ఉందో లేదో నాకు పట్టింపు లేదు. మసక గాలిలో ఉండేది కాదు, చూపులో ఉండేది. మసక కళ్ళు, మసక చీకటి, మసక వెలుతురు. ఇంగ్లీషు ఆ అస్పష్టతని ఆకాశంలో పెడితే తెలుగు కంట్లో పెట్టింది. యాప్‌కి అది పనికిరాదు, దుమ్ము కంట్లో లేదు కదా. కాన్రాడ్‌కి సరిపోతుంది. అతనికి ఎప్పుడూ చూసేవాడే సమస్య.

ఇక్కడ ఒక అభ్యంతరం దాటవేయకూడదు. 1975లో ఒక ఉపన్యాసంలో చినువా అచెబె ఈ నవలని ఉతికి ఆరేశాడు. ఆఫ్రికన్లకి ఇందులో భాష లేదు, అరుపులే ఉన్నాయన్నది అతని ఆరోపణల్లో ఒకటి. ఆ కళ్ళతో ఫాగ్ ఘట్టం మళ్ళీ చదివితే ఇబ్బందిగా ఉంటుంది. ముఖాల్లేని కేక వినిపించడానికి ఇంత అనువైన వాతావరణం ఇంకోటి లేదు. లండన్ నది మీద మనుషుల్ని చూపించి, ఆఫ్రికా నది మీద మనుషుల్ని మాయం చేసింది హేజ్‌కీ ఫాగ్‌కీ ఉన్న తేడానే. కాన్రాడ్‌ని సమర్థించేవాళ్ళు ఆ గుడ్డితనం మార్లోదని అంటారు. నాకు ఇద్దరి మాటలోనూ బరువు కనపడుతుంది. ఆ వాదన తెలుగులో జరగాలంటే మాత్రం ముందు ఆ రెండు మాటలు తెలుగులో రెండుగా ఉండాలి. తేడా చెరిపేసిన అనువాదం కాన్రాడ్ కళనీ దాచిపెడుతుంది, అతని నేరాన్నీ దాచిపెడుతుంది.

* * *

ఇదంతా మనవైపు లోటే అనుకోకుండా ఒకసారి ఎదురు దిశలో వెళ్దాం. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిందని అందరికీ తెలుసు. ఇంగ్లీషులో ఆ కథ పేరు 'సైక్లోన్'. ఇది సరైన అనువాదమేనా?

సైక్లోన్ మన దగ్గర పుట్టిన ఇంగ్లీషు మాట. కలకత్తాలో ఉండి బంగాళాఖాతపు తుపానుల్ని చదివిన హెన్రీ పిడింగ్టన్ 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో, పాము చుట్టని సూచించే గ్రీకు మాట నుంచి దాన్ని తయారుచేశాడు. ఎన్నో ఓడల లాగ్‌బుక్‌ల నుంచి గాలి దిక్కులు పటం మీద గుర్తించినవాడికి కనిపించే ఆకారం అది. కిందున్నవాడికి చుట్ట కనపడదు. గాలి కొడుతుంది, వాన కొడుతుంది, అంతే. గాలివాన అనేది కిందున్నవాడి మాట.

పద్మరాజు కథలో అందరూ కిందే ఉంటారు. నియమాలతో, విలువలతో బతుకుని చక్కగా అమర్చుకున్న రావుగారు, రైల్లో అతను ఈసడించుకున్న ముష్టి మనిషి, ఒక చిన్న స్టేషను, ఆ రాత్రి. అతని నమ్మకాల్ని పడగొట్టేది వాతావరణ వ్యవస్థ కాదు. తలుపు విరగ్గొట్టే గాలి, ఎముకల్లోకి దిగే తడి, పక్కనున్న ఒక మనిషి వెచ్చదనం. కథ పేరు 'తుపాను' అని పెట్టొచ్చు కదా, ఆ మాట అప్పటికి పేపర్లలో ఉన్నదే. తుపాను వార్త, గాలివాన అనుభవం. రెండు మామూలు మాటలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఆ రాత్రి ఆ ఇద్దరూ ఉన్నట్టే.

అయితే ఇంగ్లీషు చేసేవారికి వేరే దారి ఏది? స్టార్మ్ అంటే మరీ మామూలు. గేల్‌లో వాన లేదు. టెంపెస్ట్ అంటే వెంటనే షేక్‌స్పియర్ వచ్చి కూర్చుంటాడు. సైక్లోన్ అంటే కనీసం ఇది ఏ సముద్రపు ఒడ్డు కథో అమెరికా పాఠకుడికి తెలుస్తుంది. కాబట్టి అది తప్పు కాదు, బేరం. ఊరు దక్కింది, ఒళ్ళు పోయింది. బహుమతి వచ్చిందంటే మిగతా కథలో ఆ ఒళ్ళు దక్కిందనే అర్థం. పేరులో పోయినదాన్ని వాక్యాల్లో రాబట్టుకోవచ్చు.

కొలతల విషయంలో తెలుగు చేతకానిదేమీ కాదని కూడా ఇక్కడే చెప్పాలి. మన రేడియో, పేపర్లు ఏళ్ళ తరబడి అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను అని వరస తప్పకుండా వాడుతున్నాయి. గాలి 17 నాట్లు అందుకుంటే వాయుగుండం, 34 అందుకుంటే తుపాను, 48కి తీవ్ర తుపాను. బోఫర్ట్ కొలమానంలో గేల్ మొదలయ్యేది కూడా ఆ 34 దగ్గరే. వాయుగుండం ఎంత చక్కటి మాటో చూడండి. పిడింగ్టన్ గ్రీకులో వెతికిన చుట్ట అందులో తెలుగులోనే ఉంది. అవసరం పడ్డచోట తెలుగు తేడాలు చేసుకుంది. మంచు దగ్గర చేసుకోలేదంటే అక్కడ ప్రాణం మీదికి రాలేదన్నమాట. ఇప్పుడు ఢిల్లీలో వస్తోంది.

* * *

మాట ప్రాణం మీదికి రావడం నేను అలంకారంగా అనడం లేదు. 2013 నవంబర్ 8న ఫిలిప్పీన్స్‌లో హైయాన్ తుపాను తీరం దాటింది. ముందే హెచ్చరించారు. స్టార్మ్ సర్జ్ వస్తుందని ఇంగ్లీషులో చెప్పారు. టాక్లోబాన్‌లో చాలామందికి ఆ మాట అర్థం కాలేదు. పెద్ద గాలి, పెద్ద వాన అనుకుని ఇళ్ళల్లోనే ఉండిపోయారు. సునామీలాంటిది అని చెప్పుంటే పరిగెత్తేవాళ్ళమని బతికినవాళ్ళు తర్వాత చెప్పారు. 6 వేల మందికి పైగా పోయారు.

ఆ మాటకి తెలుగులో ఏమంటారో కృష్ణా తీరంలో ఎవరినడిగినా చెబుతారు. ఉప్పెన. 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడింది అదే, వేలమందిని తీసుకుపోయింది. స్టార్మ్ సర్జ్ అనే జంట మాట చెవికి గాలిని వినిపిస్తుంది. ఉప్పెన నీటిని వినిపిస్తుంది. ఇప్పుడు మా యాప్‌లాంటి యాప్‌లన్నీ హెచ్చరికల్ని యంత్రంతో అనువదిస్తున్నాయి. అలాంటి తర్జుమా ఒకదాంట్లో స్టార్మ్ సర్జ్‌ని 'తుఫాను పెరుగుదల' అని చూశాను. వాక్యం తప్పు లేకుండా ఉంది. దివిసీమలో ఎవరూ దాన్ని చదివి మెరక ఎక్కరు.

పోయినేడాది మళ్ళీ ఆ పాత ఫైలు తెరిచే అవకాశం వచ్చింది. ఫాగ్‌కి పొగమంచు, హేజ్‌కి దుమ్ము మసక, ఫ్రాస్ట్‌కి గడ్డమంచు, స్లీట్‌కి మంచువాన అని మార్చాను. స్మాగ్‌కి చాలాసేపు కూర్చుని విషపు పొగ అని రాశాను. మంచుని అందులోంచి తీసేశాను. ఎవరైనా పరిభాష ప్రకారం సరికాదంటే వాదించను. మిస్ట్ ఒక్కదానికి ఉత్త మంచు ఉంచాను.

ఆ ఆదివారం మా అమ్మకి ఫోన్ చేస్తే, "పొద్దున్నించీ మంచురా, ఇంకా ఇడవలేదు" అంది. ఎంత దూరం కనపడుతోందమ్మా అని అడిగాను. 1000 మీటర్లు నా బుర్రలో ఉన్నాయి. "ఎదురింటోళ్ళ వేపచెట్టు కనపడతంది గానీ, దాని ఎనకాల గుడి కనపట్లేదు" అంది. మా ఇంటి నుంచి ఆ గుడి రెండొందల మీటర్లుంటుంది. ఫాగే. ఆవిడ మాత్రం మంచనే అంది, నేను దిద్దలేదు.